పద్నాలుగో గది చెప్పిన సూచనలు

నేను బడికి వెళ్లలేదు. ఈ మాట ముందే చెప్పుకోవడం అలవాటైంది. లేకపోతే నా చేతిరాత చూసినవాళ్లు ఏ బడిలో చదివావమ్మా అని అడుగుతారు.

చిన్నప్పుడు ఉబ్బసం. ఏడాదిలో సగం రోజులు మంచం మీదే ఉండేదాన్ని. మా అమ్మ వంటింటి గడప మీద కూర్చుని, ఒక కన్ను పొయ్యి మీద పెట్టి, నాకు చదువు చెప్పింది. ఆమె పద్ధతి ఒక్కటే, చూసి రాయించడం. కిరాణా పొట్లం కాగితం, పాత క్యాలెండరు, మసీదులో పంచిపెట్టిన దువాల పుస్తకం, ఏది దొరికితే అది. తప్పు రాస్తే చెరపనిచ్చేది కాదు. దాని మీద ఒక గీత కొట్టించి, కిందనే సరైనది రాయించేది. రెండూ కనపడాలనేది. అర్థం కాని మాట వస్తే పక్కన ‘తెలియదు’ అని రాయించేది.

“తప్పు అని మాత్రం రాయబాకు. నీకు తెలియనిదంతా తప్పయిపోతుందా?” అనేది.

ఆ చదువుకు నేను రోజూ అల్లాకు కృతజ్ఞత చెప్పుకుంటాను. నలభై దాటాక, ఈ అరబ్బు దేశంలో, అల్ ఖోబర్‌లో, ఆ చదువులోని ఆ ఒక్క మాటే మరిచిపోయాను.

మా ఆయన ఇక్కడ ఒక కంపెనీలో ఇంజనీరు. మేము వచ్చి పదిహేనేళ్లు. ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్లు మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్టులో ఒక చర్చావేదిక ఉంది. ఇక్కడే ప్రాక్టీసు చేసే ఒక పెద్ద డాక్టరు గారు ఎప్పుడో మొదలుపెట్టారు. ఒకరు ఏదైనా అడుగుతూ పోస్టు పెడతారు, మిగతావాళ్లు దాని కింద జవాబులు రాస్తారు. కొత్తగా ఎవరైనా రాస్తే ఆ పోస్టు పైకి వస్తుంది, ఎవరూ రాయకపోతే కిందికి జారిపోతుంది. వంటలకు ఒక పేజీ, పిల్లల చదువులకు ఒకటి, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాల గొడవలకు ఒకటి, తప్పిపోయినవాళ్ల కోసం ‘ఆచూకీ’ అని ఒకటి.

నేను వంటల పేజీ చూసుకునేదాన్ని. ఆచూకీ పేజీ తెరిచేదాన్ని కాదు. తెరిస్తే ఆ రోజంతా మనసు బాగుండదు. అందుకే తెరవలేదు. దాచుకోవడం దేనికి?

వేదిక పాతబడింది. ఫోనులో చూస్తే అక్షరాలు చీమల్లా కనిపించేవి. దొంగ ఏజెంట్లు రోజుకో పేరుతో చేరి లేని ఉద్యోగాలు ఉన్నాయని రాసేవాళ్లు. ఇక్కడే ఐటీలో పనిచేసే ఒక అమ్మాయి, నన్ను అక్కా అని పిలుస్తుంది, కొత్తగా కట్టి ఇస్తానని ముందుకొచ్చింది. పైసా అడగలేదు. డాక్టరు గారు మాత్రం ఆగమన్నారు.

“ఇల్లు మార్చేటప్పుడు ఇంట్లోవాళ్లని అడగాలి కదమ్మా. ఏది ఉండాలో, ఏది పోవాలో వాళ్లనే చెప్పమందాం. నువ్వు పోగుచెయ్యి. నీకు ఓపికుంది.”

నెల రోజులు సూచనలు తీసుకున్నాం. వచ్చినవన్నీ నేను గీతల నోటుపుస్తకంలోకి ఎత్తి రాశాను. కంప్యూటరులో ఉన్నాయిగా, మళ్లీ ఎందుకు రాయడం అని ఆ అమ్మాయి నవ్వింది. చేత్తో రాస్తే తప్ప నాకు బుర్రకెక్కదు. అమ్మ పెట్టిన అలవాటు.

గులాబీల బొమ్మలతో శుభోదయాలు పెట్టేవాళ్లని పంపించేయమన్నారు కొందరు. ఆ శుభోదయం చూడకపోతే తనకు తెల్లారదని ఒక పెద్దావిడ రాసింది. తెరకు నల్ల రంగు వెయ్యమన్నారు, వెయ్యొద్దన్నారు. ఎక్కువమంది, అందులోనూ చదువుకున్నవాళ్లు, అడిగింది మాత్రం ఒకటే: ఒక మనిషికి ఒకే ఖాతా ఉండాలి, దొంగ ఖాతాలు తీసెయ్యాలి. న్యాయమే అనిపించింది.

ఒక శుక్రవారం, ఒక్క పూటలో, ‘గది పద్నాలుగు’ అనే ఖాతా నుంచి పదకొండు సూచనలు వచ్చాయి. మొదటిది అక్షరాలు పెద్దవి చేయమంది. రెండోది చిన్నవే ఉండాలంది. ఫొటోలు తీసెయ్యమని ఒకటి, అయిదు నిమిషాలకు ఫొటోలు ఉండాల్సిందేనని ఇంకొకటి. నాకు కోపమొచ్చింది. ఎవరో పనిలేనివాడు మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. పదకొండునూ రాసి, బ్రాకెట్టు గీసి, పక్కన ‘పరిహాసం’ అని రాశాను.

ఆ అమ్మాయి మరుసటి వారం ఒక జాబితా పంపింది. ఒకే మాట పదే పదే రాసే ఖాతాలు అవి. మనుషులు కాదు, ఏజెంట్లు పెట్టిన యంత్రాలై ఉంటాయంది. “అక్కా, మీరు ఒకసారి చూసి ఓకే అంటే, ట్రయల్‌గా ఇప్పుడే బ్లాక్ చేసి చూస్తా.”

జాబితాలో నాలుగో వరుస: గది పద్నాలుగు. మాట: పైకి. రెండు వందలకు పైగా సార్లు. రోజుకొకటి.

ఆ మాట ఎక్కడ రాశారో, దేని కింద రాశారో జాబితాలో లేదు. నేను అడగనూ లేదు. పక్కన ‘తెలియదు’ అని రాయాల్సింది. ‘సరే’ అని రాసి పంపాను.

తొమ్మిదో రోజు, బుధవారం, డాక్టరు గారు ఫోను చేశారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. ఆ రోజూ పెంచలేదు.

“అమ్మా, పద్నాలుగో గది తలుపు ఎవరు మూశారు?”

నేనే అన్నాను. ఆయన నిదానంగా చెప్పారు. రియాద్ పక్కన సులైలో ఒక లేబరు క్యాంపు ఉంది. అందులో పద్నాలుగో గదిలో పదకొండు మంది ఉంటారు, అందరూ ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన పనివాళ్లు. గది మొత్తానికీ ఒకటే ఖాతా. వాళ్లలో తాపీపని చేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన తమ్ముడు హాయిల్ దగ్గర కూరగాయల తోటలో పనికి వచ్చాడు. ఎనిమిది నెలలుగా ఫోను లేదు, జాడ లేదు. ఆచూకీ పేజీలో గది పేరుతో పెట్టిన పోస్టు అతని కోసమే. ఖాతా మూసేసరికి ఆ పోస్టూ మాయమైంది.

నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. స్టవ్వు ఆపాను. ఆ అమ్మాయికి ఫోను చేసి ఖాతా తెరిపించాను. మూతపడిన ఆ రోజుల్లో గది ఖాతాకు వేదికలోనే ఒక ఉత్తరం వచ్చి ఉందని ఆమె చూసి చెప్పింది. మూసిన మూడో రోజు వచ్చిందది. హాయిల్‌లో లారీ తోలే ఒక తెలుగు డ్రైవరు రాశాడు.

‘మా వాడికి ఆపరేషనైతే చూడ్డానికి ఆస్పత్రికి పోయాను. పక్క మంచంలో ఒకతను ఉన్నాడు. మాట పడిపోయింది. ఎవరో తెలియదంటున్నారు. కుడిచేతికి రెండు వేళ్లు సగమే ఉన్నాయి. మునుపు మీరు ఆచూకీలో రాసిన మనిషిలాగే అనిపించాడు. త్వరగా ఈ నంబరుకు కబురు చేయండి. నేను ఆదివారం దాకానే ఉంటాను.’

ఆ ఆదివారం దాటి మూడు రోజులైంది.

సాయంత్రం గది తరఫున రాసే మనిషి, ఏసీ మెకానిక్, నాకు ఫోను చేశాడు. నంబరు డాక్టరు గారిచ్చారు. అతను కోపాన్ని అణుచుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

“మేం పదకొండు మందిమి మేడం. మీ దాంట్ల ఒక్కరం. మంచిగున్నది. ఆ ఒక్కన్ని గూడ ఉంచలేదు గద.”

తప్పు నాదే అన్నాను. పెద్దాయన ఏమంటున్నారని అడిగాను.

“ఏమంటడు? సంచి సదురుతుండు. పనిచ్చిన కఫీల్ తాన సెలవు అడిగినం. శుక్రారం పొద్దుమూకంగ బస్సు. పోయినంక ఆడ ఉన్నది తమ్ముడో, కాదో, ఇంక ఉన్నడో లేడో. డ్రైవర్ ఫోను లేపుతలేడు.”

ఆ రాత్రి మా ఆయనతో నేను సులైకి వెళ్లాలన్నాను. నాలుగు గంటల దారి. ఫోనులో చెబితే సరిపోదా అన్నారు. చెప్పాను, సరిపోలేదన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. “సరే, శుక్రవారం వెళ్దాం. జుమ్మా నమాజు అక్కడే చదువుకుంటాను,” అన్నారు. ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు కూడా నేను రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను.

గురువారం జొన్నరొట్టెలు చేశాను, ప్రయాణంలో పాడు కావు. వెల్లుల్లి కారం దంచాను. నోటుపుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

క్యాంపు లోపలికి ఆడవాళ్లు వెళ్లరు. గేటు బయట ఒక చాయ్ కొట్టు ఉంటే దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. చలికాలపు ఎండ. ఎనిమిది మంది వచ్చారు, ముగ్గురు డ్యూటీలో ఉన్నారట. పెద్దాయన చివరి కుర్చీలో, ఒడిలో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. బస్సుకు ఇంకా రెండు గంటలుంది.

క్షమించమని అడిగాను. చాయ్ వచ్చింది. ఏం చెయ్యాలో తోచక పుస్తకం తీశాను. మీరు పంపిన సూచనలు చదువుతాను, ఏది ఎవరిదో చెప్పండి అన్నాను.

“ఒక్క పూటల అన్నీ పంపినమని మీకు అనుమానం గావొచ్చు,” అన్నాడు మెకానిక్. “శుక్రారం సెలవు గద మేడం. అన్నం తిన్నంక అందరు కూసొని చెప్పిన్రు, నేను కొట్టిన. ఈ గదికి పోస్టాఫీసును నేనే.”

“అక్షరాలు పెద్దవి కావాలన్నది?”

“నేను,” అన్నాడు కళ్లు ఎర్రగా ఉన్న వెల్డరు. “కండ్లు పోయినయి, ఇరవై ఏండ్ల పని.”

“చిన్నవే ఉండాలన్నది?”

“గీ దొంగనే!” అని ముగ్గురు ఒకేసారి ఒకతన్ని చూపించారు. అతను సిగ్గుపడ్డాడు.

“పెద్దగుంటే పక్క మంచపోడు మొత్తం చదువుతడు మేడం. వంటల పేజీల పప్పుచారు ఎట్ల జేయాలెనని అడిగిన. అది చూసి వారం రోజులు నన్ను పప్పుచారు అనే పిలిచిన్రు.”

“ఇప్పుడు గూడ అదే పేరు,” అన్నాడు వెల్డరు.

ఆ పప్పుచారుకు జవాబు రాసింది నేనే, అడిగిన ఖాతా పేరు మాత్రం అప్పుడు చూసుకోలేదు. ఆ సంగతి చెబితే అందరూ నవ్వారు. “ఉప్పు ఎక్కువ చెప్పిన్రు మేడం,” అన్నాడు పప్పుచారు. పెద్దాయన కూడా తలెత్తి చూశాడు, కానీ నవ్వలేదు.

ఫొటోలు వద్దన్న మనిషికి డేటా అయిపోతుందట. ఫొటోలు కావాలన్నది ఎవరని అడిగితే, గోడకానుకుని నిలబడ్డ సన్నటి మనిషి చెయ్యెత్తాడు.

“నాకు చదువు రాదు మేడం. బొమ్మలుంటే నేను గూడ చూస్త గద.”

నేను ‘పరిహాసం’ అన్న మాట మీద గీత కొట్టి, ఒక్కొక్కటీ చదువుతూ, కింద ఆ మనిషి ఏ పని చేస్తాడో రాసుకుంటూ పోయాను. వెల్డరు. ఫొటోలు చూసే మనిషి, సిమెంటు మోస్తాడు. కొట్టిన గీత కింద కూడా ‘పరిహాసం’ కనపడుతూనే ఉంది. కనపడనిచ్చాను.

పదకొండోది మిగిలింది. ‘ఆచూకీల పెట్టినది దొరికేదాక కిందికి పోవద్దు.’

ఎవరూ చెయ్యెత్తలేదు. అందరూ చివరి కుర్చీ వైపు చూశారు. పెద్దాయన సంచి తాడు ముడి విప్పి మళ్లీ వేస్తున్నాడు.

“అందుకేనా ‘పైకి’ అని రోజూ రాసింది?” అన్నాను.

మెకానిక్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “మరేందనుకున్నరు? ఒక్క మాట రాస్తే పైకొస్తది. రాయకుంటే మాపటికి రెండో పేజీకి పోతది. రెండో పేజీ ఎవరు చూస్తరు మేడం? మాకు పొద్దుగాల నాలుగున్నరకు సైటు బస్సు. బస్సెక్కేటప్పుడు రాస్తం. ఇయ్యాల ఒకలు, రేపొకలు. వంతులు.”

“నేను గూడ,” అన్నాడు గోడకానుకున్న మనిషి. “ఆ ఒక్క మాట నేర్చుకున్న. నా వంతు వస్తది గద.”

ఎలా నేర్చుకున్నావని అడిగాను. మెకానిక్ సిమెంటు బస్తా కాగితం మీద రాసిచ్చాడట, అది చూసి రాశాడట. కాగితం ఇంకా తన దిండు కింద ఉందన్నాడు.

వీళ్లు బస్సెక్కే వేళకు, కాస్త అటూ ఇటూగా, నేను ఫజర్ నమాజు మీద నిలబడతాను. ముప్పై ఏళ్లకు పైగా రోజూ అవే మాటలు. ఒక్క అక్షరం మారదు. అవి వినేవాడు ఎన్నడూ నన్ను యంత్రం అనుకోలేదు. నేను మాత్రం, రోజూ ఒకే మాట రాసేది మనిషి కాదని ఒప్పుకుని ‘సరే’ అన్నాను.

పెద్దాయన లేచాడు. రొట్టెల పొట్లం ఇస్తే రెండు చేతులా తీసుకున్నాడు. “ఇద్దరికీ సరిపోతయా అమ్మా?” అన్నాడు.

సరిపోతాయన్నాను. మా ఆయన ఆయన్ని బస్సు దాకా కారులో దింపారు. దారిలో పెద్దాయన ఒక్క మాటే మాట్లాడాడట. ఆ ఊళ్లో చలి బాగా ఉంటుందంటారు నిజమేనా అని. మా ఆయన కారులో ఉన్న తన స్వెట్టరు ఇచ్చి పంపారు.

శనివారం మధ్యాహ్నం జొహర్ నమాజుకు ముందు వజూ చేసుకుంటూ చేతులు కడుక్కుంటుండగా ఫోను మోగింది. తడిచేతులతోనే ఎత్తాను.

“వాడేనమ్మా,” అన్నాడు పెద్దాయన.

వెనక ఆస్పత్రి చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఎవరో అరబ్బీలో ఎవర్నో పిలుస్తున్నారు.

“కుడిపక్క పడిపోయింది. మాట లేదు. జేబుల కాగితాలు లేవంట, పేరు చెప్పనీకి నోరు లేదు. రెండు నెలల సంది ఇట్లనే ఉన్నడంట, అంతకుముందు ఏడున్నడో ఎవలకు ఎర్కలేదు. నన్ను చూసి ఏడ్వలే, నవ్వలే. ఎడమచెయ్యి లేపి నా అంగీ గుండీ పట్టుకున్నడు. ఇడుస్తలేడు. గిట్ల వంగి మాట్లాడుతున్న నీతోని.”

ఇంకో వారమైతే అతన్ని వేరే ఊళ్లో దిక్కులేనివాళ్లను ఉంచే చోటికి పంపేవాళ్లట. ఆ మాట విన్నాక అడగకుండా ఉండలేకపోయాను. ఆ తొమ్మిది రోజులూ నా వల్లే పోయాయి, నన్ను ఏమనుకుంటున్నారు అన్నాను.

“గా తొమ్మిది దినాలల్ల వాడు లేసి ఎటన్న పోతడా అమ్మా?” అన్నాడు. “ఆడనే ఉన్నడు.”

ఓదార్చడానికి అన్నాడో, నిజమే చెప్పాడో తెలియదు. ఆడనే ఉన్నడు. అదే నన్ను పట్టుకుంది. తొమ్మిది రోజులూ అతను అక్కడే ఉన్నాడు, కబురు కూడా వచ్చి ఉంది. మధ్యలో నేను తలుపు వేసి కూర్చున్నాను. ఫోను పెట్టేశాక మళ్లీ మొదటినుంచి వజూ చేసుకుని నమాజులో నిలబడ్డాను. నుదురు నేలకానించి సజ్దాలో చాలాసేపు ఉండిపోయాను.

డ్రైవరుకు కృతజ్ఞతలు రాశాను. పనిమీద తబూక్ వైపు వెళ్లాడట, అక్కడ సిగ్నలు లేదట. ‘పక్క మంచమే కదండీ,’ అని జవాబిచ్చాడు.

దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితాలకు నెలన్నర పట్టింది. డాక్టరు గారు ఉత్తరాలు రాశారు, ఆస్పత్రికి రెండుసార్లు వెళ్లారు. చివరికి అన్నదమ్ములిద్దరూ ఒకే విమానంలో వెళ్లారు, తమ్ముడు చక్రాల కుర్చీలో. అన్న తన ఉద్యోగం వదులుకున్నాడు. మా ఆయన స్వెట్టరు మెకానిక్ చేతికిచ్చి పంపాడు, ఉతికి మడతపెట్టి.

కొత్త వేదిక వేసవికి సిద్ధమైంది. ఒక మనిషికి ఒకే ఖాతా అన్న నియమం పెట్టలేదు. ఒప్పుకోనివాళ్లతో డాక్టరు గారే మాట్లాడారు. ఇప్పుడు గది పేరుతో ఖాతా ఉండొచ్చు, రాసిన ప్రతి మనిషీ చివర తన గుర్తు పెట్టుకుంటాడు. పప్పుచారు ఆ పేరే పెట్టుకున్నాడు. అక్షరాలు ఎవరికి వాళ్లు పెద్దవీ చిన్నవీ చేసుకోవచ్చు. ఆచూకీ పేజీ నేను అడిగి తీసుకున్నాను, రోజూ ఫజర్ కాగానే తెరుస్తాను. అందులో పెట్టినవి ఎవరూ ఏమీ రాయకపోయినా పైనే ఉంటాయి. మనిషి దొరికాడని రాసినప్పుడే వదులవుతాయి, మిగతా పోస్టుల్లాగా కిందికి జారడం మొదలుపెడతాయి.

“ఇక ఎవరూ రోజూ పైకి అని కొట్టక్కర్లేదక్కా,” అంది ఆ అమ్మాయి.

కొత్త వేదిక తెరిచాక, తమ్ముడి కోసం పెట్టిన పోస్టు చివర గది పద్నాలుగు నుంచి రాసిన ఆఖరి మాట: ‘దొరికిండు.’ ఎవరి గుర్తూ పెట్టలేదు. అందరూ కలిసి రాసినట్టుంది.

అది ఒక్కో వరుసా దిగుతుంటే రోజూ పొద్దున చూశాను. మొదట మూడోది. తర్వాత ఏడోది. ఒక వారానికి పేజీ అడుగుకు చేరింది. మర్నాడు కనపడలేదు. రెండో పేజీకి వెళ్లి చూశాను, అక్కడుంది, పైనుంచి మొదటిది. తెరిచాను. ‘పైకి’, ‘పైకి’, ‘పైకి’, ఎనిమిది నెలల పొద్దులు వరుసగా ఉన్నాయి, నా తొమ్మిది రోజులు తప్ప. వాటిలో ఆ చదువురాని మనిషి రాసినవి ఏవో గుర్తుపట్టాలని చూశాను. తెలియలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఆ కింద నాకు రాయాలనిపించింది. క్షమించమనో, కృతజ్ఞతలనో, ఏదో ఒకటి. ఏది రాసినా ఆ పోస్టు మళ్లీ పైకి వస్తుంది.

రాయకుండా మూసేశాను.